గుండుసూదులు తీసి చెప్పు

మా ఆడపడుచును వీధిలో అందరూ సైరనమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి దాని సంగతి చెప్పే హక్కూ నాకే ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు నేత మిల్లులో పనిచేసింది. ఆ షెడ్డులో నూట నలభై మర మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కన పిడుగు పడినా తెలియదట. అలాంటి చోట బతికిన మనిషికి మెల్లగా మాట్లాడటం ఎక్కడినుంచి వస్తుంది? "వదినా, పాలు పొంగుతున్నాయి" అని ఆమె వంటింట్లో అంటే పక్కింటివాళ్ళు కూడా పోయి తమ పొయ్యి కట్టేసుకుంటారు.

నాకు డెబ్భై ఒకటి, ఆమెకు అరవై ఆరు. మా ఆయన పోయి పదహారేళ్ళయింది. ఆయన ఉన్నప్పుడూ, పోయాకా మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. పెళ్ళి ఊసెత్తితే "నాలుగు మగ్గాలు ఒక్కదాన్నే చూసుకుంటున్నాను, మొగుణ్ణి కూడా చూసుకోవాలా?" అనేది. వదినా ఆడపడుచులు నలభై నాలుగేళ్ళు ఒకే కప్పు కింద ఉండి ఇద్దరూ ప్రాణాలతో మిగిలారంటే అందులో సగం గొప్పతనం నాది. మిగతా సగం కూడా నాదే అంటాను. ఆమె వింటే ఒప్పుకోదు.

వినదు కూడా. ఆ షెడ్డు ఆమె చెవులు తినేసింది, చెద తిన్నట్టు, కొంచెం కొంచెంగా. అయితే మిల్లు ఆడవాళ్ళకు ఒక విద్య ఉంది. ఆ మోతలో గొంతు పనికిరాదు కనుక వాళ్ళు పెదాలతో మాట్లాడుకుంటారు. ఈ చివర మగ్గం దగ్గర ఉన్న మనిషి చప్పుడు లేకుండా నోరు కదిపితే ఆ చివర ఉన్న మనిషి చదివేస్తుంది. మేస్త్రీ వీపు వెనక నిలబడి మేస్త్రీనే తిట్టుకునేవారట. అందుకని చెవులు తగ్గినా ఆమెకు బయట లోటు తెలియలేదు. కూరగాయల మనిషితో బేరమాడుతుంది, డాక్టరుతో తగువు పెట్టుకుంటుంది. చెవి మిషను పెట్టుకోమంటే "నా కళ్ళు బాగానే వింటున్నాయి" అంటుంది.

నా సంగతి వేరు. ముందు గదిలో కుట్టు మిషను, కిటికీ పక్కన పొడుగాటి కత్తిరింపు బల్ల. పాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం, బిగుతైనవి వదులు చేయడం, వదులైనవి బిగించడం నా పని. కొత్త బట్ట ఎవడైనా కుడతాడు. ఒకడు పాడుచేసినదాన్ని మనిషి ఒంటికి సరిపోయేలా చేయడానికే చెయ్యి కావాలి. యాభై ఏళ్ళుగా నా కుడిచేతికి సూది, ఎడమచేతికి బట్ట, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు. నోట్లో నువ్వుగింజ నానదంటారు చూడండి, నా నోట్లో గుండుసూదులు ఎంతసేపైనా నానుతాయి. బట్టలకు పేర్ల చీటీలు కట్టను. ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం ముడివేస్తాను. బ్యాంకాయనకు గోధుమరంగు, స్కూలు టీచరమ్మకు నీలం. "మీ పద్ధతి ఎంత ముచ్చటగా ఉందండీ!" అని మెచ్చుకునేవారు. మెచ్చుకోనిచ్చాను.

ఇలా ఉండగా మా పై అంతస్తులో ఒక నర్సమ్మ అద్దెకు దిగింది. ఉదయం డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. వచ్చిన కాసేపటికి పైనుంచి చప్పుడు మొదలయ్యేది. పాట కాదు, పాటైతే మాటలుంటాయి. ఒక పియానో, దాని వెనక సన్నగా, పొడుగ్గా సాగే మోత. పక్కగదిలో ఎవరో నిద్రపోతుంటే వాళ్ళను లేపకుండా నడుస్తున్నట్టు ఉండేది. వారం రోజులు ఓర్చుకున్నాను. ఎనిమిదో రోజు చీపురు కర్రతో పైకప్పును పొడిచాను. తొమ్మిదో రోజు నేనే మెట్లెక్కాను, అద్దెకున్నవాళ్ళకు ఉండాల్సిన బుద్ధులేమిటో దారిలో వరుసగా పేర్చుకుంటూ.

తలుపు తెరిచే ఉంది. నర్సమ్మ కుర్చీలో కూర్చుని, కాళ్ళు వేడినీళ్ళ బకెట్‌లో పెట్టుకుని, పలకంత టాబ్‌లో బొమ్మలు చూస్తోంది.

"ఏమ్మా, రోగులకు సూదులు పొడిచేదానివి, బొమ్మలు చూసే వయసా నీది?" అన్నాను.

"కూర్చోండి పెద్దమ్మా. మీ తిట్లు ఎక్కడికీ పోవు. ఈ కాస్త అయిపోనివ్వండి" అంది, తల తిప్పకుండా.

తిట్టడానికి ఎలాగూ ఊపిరి కావాలి, మెట్లెక్కి ఉన్నాను, కూర్చున్నాను. పొగమంచు కమ్మిన పెద్ద సరస్సు. ఒకావిడ పడవ నడుపుతోంది. పడవలో ఒక ముసలాయన, ఒళ్ళో ఖాళీ పంజరం. తెడ్డు నీళ్ళలోంచి లేచినప్పుడల్లా చుక్కలు రాలుతున్నాయి, ప్రతి చుక్కకూ నీటిమీద ఒక సున్నా. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, ఎవరూ పరుగెత్తలేదు. పైనుంచి వినబడే ఆ పియానో ఇదే.

"తర్వాత ఏం జరుగుతుంది?" అన్నాను.

"ఏమీ జరగదు పెద్దమ్మా. అవతలి ఒడ్డుకు చేరతారు."

ఏమీ జరగని కథ కోసం నేను ఆ రోజు ముప్పావుగంట కూర్చున్నాను. కిందికి దిగాక గానీ తిట్టడం మరిచిపోయానని గుర్తురాలేదు.

అవి జపాను వాళ్ళ బొమ్మలట, ఆనిమే అంటారట. ఈ పడవ కథ ఇరవై ఆరు భాగాలు. భాగానికో ప్రయాణికుడు ఎక్కుతాడు, దిగుతాడు. బొమ్మలంటే పిల్లి ఎలుకను తరమడమే అనుకున్న మనిషిని నేను. ఇందులో పడవావిడ టీ కాచుకుంటే కెటిల్ మూతిలోంచి ఆవిరి లేస్తుంది. లేచి, కొంచెం వంగి, విడిపోతుంది. ఆ ఆవిరి ఎవడో చేత్తో గీశాడు. కథకు దానితో పని లేదు, గీయకపోయినా అడిగేవాడు లేడు. కోటు లోపలి అంచు కుట్టేవాళ్ళకు ఆ మనిషి ఎవడో తెలుస్తుంది. ఎవరూ చూడని చోట కుట్టు వంకరపోకూడదని పట్టుబట్టే జాతి అది.

ఆ సంగీతం గురించి కూడా చెప్పాలి. సినిమా పాట పెట్టుకుని కుడితే నా చెయ్యి పాట వెంట పోతుంది. చరణం దగ్గర కుట్టు దగ్గరవుతుంది, పల్లవి దగ్గర దూరమవుతుంది. ఒకసారి ఏడుపు పాటకు బ్యాంకాయన పాంటు ఒక కాలు పొట్టి చేశాను. మాటలు లేని ఈ వాద్యం అలా కాదు. గదిలో ఒక మంచి మనిషి ఊరికే కూర్చున్నట్టు ఉంటుంది. నన్ను ఏమీ అడగదు. నా ఆలోచన నాకుంటుంది, నా చెయ్యి నాకుంటుంది.

రోజూ మెట్లెక్కే నా మోకాళ్ళ బాధ చూడలేక నర్సమ్మ తన పాత టాబ్, అగ్గిపెట్టెంత స్పీకరు నాకు ఇచ్చేసింది. అది మా కత్తిరింపు బల్ల మీదకు చేరింది. బొమ్మల కింద తెలుగు అక్షరాలు పడేలా కూడా పెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. నేను రెండో తరగతితో సరి. అక్షరాలు విడివిడిగా తెలుసు, బస్సు ఆగి ఉంటే దాని బోర్డు చదవగలను. కదిలే బస్సు నా వల్ల కాదు, ఆ బొమ్మల కింది అక్షరాలేమో బస్సుకంటే తొందర. నేను మూడో అక్షరం దగ్గర ఉండగానే మాయం. రంగు దారాల రహస్యం కూడా ఇదే, ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఈ సంగతి మా ఆయనకు తెలుసు. ఆయన తనతోపాటే తీసుకుపోయాడు. ఇంకెవరికీ తెలియనివ్వలేదు.

కాబట్టి కథంతా సంగీతంతోనే కట్టుకున్నాను. పియానో మెత్తగా ఉంటే మంచివాడు ఎక్కినట్టు, కింద మోత బరువెక్కితే ఏదో కీడు రాబోతున్నట్టు. నా లెక్కలో అంతా చక్కగానే సాగుతోంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సైరనమ్మ చెప్పింది: "వదినా, ఒకటో తారీఖున నేను పోతున్నా."

ఆమెతో పనిచేసి రిటైరైన ముగ్గురు ఆడవాళ్ళు పాత మిల్లు వెనక ఒక ఇల్లు తీసుకుని ఉంటున్నారు. వాళ్ళలో పెద్దామెను పెద్దమగ్గం అంటారు, మనిషి ఆకారం అలాంటిది. నాలుగో మంచం వేసి పెట్టారట.

"ఇక్కడ నీకేం తక్కువయింది?" అన్నాను, పాంటు అంచు మడుస్తూ.

నా నోటి వంక కాసేపు చూసింది. విసుక్కుంది. "అక్కడ నేను చెవిటిదాన్ని కాదు వదినా" అంది. పోయి తన సంచి తీసి గుమ్మం పక్కన పెట్టింది.

"పోతే పో. ఆ మంచం మీద బట్టలు పెట్టుకుంటా" అన్నాను. నా ముఖంలోకి ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా ఇదే వరస. ఉన్న కాస్త వినికిడీ పోయిందన్నాక నా మాట అసలు పట్టించుకోవడం మానేసింది. కూరగాయల మనిషి మాట అందుతుంది, నర్సమ్మ మాట అందుతుంది, పోస్టు ఇచ్చేవాడి మాట అందుతుంది. నా ఒక్కదాని మాటే అందదు. దగ్గరకు వస్తుంది, ముఖంలోకి చూస్తుంది, వెళ్ళిపోతుంది. ఇది చెవుడు కాదు, పొగరు అనుకున్నాను. అలా అనుకున్నా సరే, ఆమె పోతుందంటే నాకు అన్నం సయించలేదు. నలభై నాలుగేళ్ళు తిట్టిన మనిషి లేకపోతే నేను ఎవర్ని తిట్టుకుంటూ బతకాలి? ఉండమని అడగడానికేమో నోరు రాదు. అడిగి ఎరుగను.

ఇంకా పద్దెనిమిది రోజులున్నాయనగా ఒక మధ్యాహ్నం నేను బొమ్మలు చూస్తుంటే వెనకనుంచి వచ్చి నిలబడింది. కళ్ళు చికిలించి బొమ్మల నోళ్ళ వంక చూసింది.

"వీళ్ళేం మాట్లాడుతున్నారే?" అంది వీధంతా వినబడేలా. "తెరవడం, మూయడం, తెరవడం, మూయడం! చేపలా ఇవి? ఒక్క మాటా పెదాల మీద లేదే! పళ్ళు తగలవు, నాలుక కనబడదు. ఇలాంటివాళ్ళను మా షెడ్డులోకి రానిచ్చేవాళ్ళం కాదు."

నిజమే, ఆ బొమ్మలకు నోరంటే ఒక చిన్న గీత, ఒక చిన్న సున్నా. ఆవిరికి అంత ఓపిక చూపినవాడు నోటికి చూపలేదు. అంతలో ఆమెకు కింది అక్షరాలు కనబడ్డాయి. ఎనిమిదో తరగతి దాకా చదివింది కదా, గబగబా పట్టేసింది. స్టూలు లాక్కుని కూర్చుంది. ఒకచోట పకపకా నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలియదు, పియానో ఏమీ చెప్పలేదు. తెలిసినట్టు నేనూ నవ్వాను.

భాగం అయిపోయింది. నల్లకోటు వేసుకున్న ఒకావిడ పడవ దిగి పొగలో కలిసిపోయింది.

"పాపం" అంది సైరనమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"పాపం ఏమిటి? పీడ విరగడైంది. ఆ పోలీసావిడ పడవ లాక్కోకుండా పోయింది, అదే సంతోషం" అన్నాను.

ఆమెకు నా మాట సగమే అందింది. "పోలీసా? ఎవరు పోలీసు?"

తెర మీద ఆ నల్లకోటు కలిసిపోయిన పొగను వేలితో చూపించాను.

"పోలీసేమిటి వదినా! ఆవిడ ఈ పడవావిడకు కన్నతల్లి! కూతురు ఎలా ఉందో చూసి పోదామని ముసుగేసుకుని వచ్చింది. 'అమ్మా' అని అంత పెద్ద అక్షరాల్లో పడింది కదా, చదవలేదా నువ్వు?"

"కళ్ళజోడు..." అన్నాను, కళ్ళ వైపు చేత్తో చూపిస్తూ.

"ముక్కు మీదే ఉంది."

బల్ల మీద పియానో ఒక్కటే మోగుతోంది. ఏం చెప్పి తప్పించుకోవాలా అని చూశాను. ఏదీ దొరకలేదు. నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. అలాంటి మాట సగం మూసిన నోటితో చెప్పడానికి నాకు మనసు రాలేదు.

"నాకు చదువు రాదు పిల్లా. అక్షరాలు అందవు. అందేలోపు పోతాయి" అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. జాలిపడుతుందేమో అనుకుని ముందే పళ్ళు బిగించాను. జాలా! స్టూలు వెనక్కి తన్ని లేచింది.

"మరి పేపరు? రోజూ పొద్దున్నే అరగంట పేపరు ముందేసుకుని కూర్చునేదానివి కదా?"

"పేజీలు తిప్పేదాన్ని."

"తిప్పేదానివా! నేను ఒక పేజీ చదివేలోపు నువ్వు మూడు తిప్పేసేదానివి! ఈవిడకెంత చదువుందో, నాకెందుకు రాలేదో అని కుళ్ళి కుళ్ళి చచ్చాను వదినా! నలభై ఏళ్ళు! నువ్వు తిప్పినంత తొందరగా తిప్పాలని నేను సగం వార్తలు చదవకుండా వదిలేసేదాన్ని!"

ఇక నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు. ఆమె మొదట కోప్పడింది, తర్వాత తనూ నవ్వింది. నవ్వడం ఆగాక నా ముఖంలోకి వింతగా చూసింది.

"వదినా, నువ్వు ఇప్పుడు చెప్పినదంతా నాకు అందింది."

"అందకేం, ఎప్పుడూ అందుతుంది. నీకు ఇష్టం లేక..."

"ఎప్పుడూ కాదు. రెండేళ్ళ తర్వాత ఇవాళే." బల్ల మీది గుండుసూదులను చూపించింది. "ఎప్పుడు చూడు నోట్లో ఇవి. పెదాలు బిగబట్టి గొణుగుతావు. నీ నోరు కూడా ఈ బొమ్మల నోరు లాంటిదే. తెరవడం, మూయడం. చెవులు కాస్త ఉన్నన్నాళ్ళు ఎలాగో గడిచింది. తర్వాత నువ్వు నన్ను తిడుతున్నావో, అన్నానికి పిలుస్తున్నావో కూడా తెలిసేది కాదు."

"మరి చెప్పొచ్చు కదా!"

"కావాలనే చేస్తున్నావనుకున్నా."

నేనూ ఆమె గురించి అదే అనుకున్నానని చెప్పలేదు. ఒక్క రోజుకు ఒక్క నిజం చాలు.

మర్నాడు పాత కోటు భుజంలోంచి తీసిన దూదితో చిన్న దిండు చేసి, పట్టీ కుట్టి, ఎడమ మణికట్టుకు కట్టుకున్నాను. సూదులన్నీ దాని మీదే. యాభై ఏళ్ళ అలవాటు అంత తేలిగ్గా పోతుందా? చెయ్యి నోటిదాకా పోయి వెనక్కి వచ్చేది. ఒకసారి మరిచిపోయి దిండుతోనే చెంప గోక్కున్నాను. "బాగా అయింది!" అంది సైరనమ్మ, వీధి చివరిదాకా.

సంచి మాత్రం గుమ్మం పక్కనుంచి కదల్లేదు. నేను దాని వంక చూసినప్పుడల్లా "ఒకటో తారీఖు ఒకటో తారీఖే. వాళ్ళకు మాటిచ్చాను" అనేది. మాట తప్పని వంశం, మా ఆయనదీ అదే జబ్బు.

ఈలోగా రోజూ మధ్యాహ్నం కథ సాగింది. ఆమె అక్షరాలు చదివి వినిపించేది. పడవావిడ గుసగుసగా అనే మాటలు కూడా సైరనమ్మ గొంతులోంచి వచ్చేసరికి పైనుంచి నర్సమ్మ "పెద్దమ్మా, ఆ భాగం నేనింకా చూడలేదు, చెప్పెయ్యకండి!" అని అరిచేది. సంగీతం చెప్పడం నా వంతు. ఆమె బల్ల మీద అరచెయ్యి ఆనించేది. మిల్లులో మగ్గం మీద చెయ్యి పెట్టి ఏ పక్కన దారం తెగిందో చెప్పిన చెయ్యి అది. స్పీకరు మోత చెక్కలోంచి ఆమెకు అందేది.

"కింద మోత తెలుస్తోంది. పైనేముంది?" అనేది.

"పైన పియానో. దూరం దూరంగా టాకాలు వేస్తోంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు దగ్గర కుట్టు. వేలు నొప్పిపుట్టేంత దగ్గర."

ఆమె తలాడించేది. నాకు మాత్రం లోపల భాగాల లెక్కే. ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు.

ఒకటో తారీఖు మధ్యాహ్నం పెద్దమగ్గం వచ్చింది. గుమ్మం నిండింది. చివరి భాగం మిగిలి ఉందని, అది చూశాకే బయలుదేరతానని సైరనమ్మ చెప్పింది. ముగ్గురం బల్ల చుట్టూ చేరాం. పెద్దమగ్గం కూడా ఎవరూ చెప్పకుండానే చెక్క మీద చెయ్యి పెట్టింది.

ఆ భాగంలో ప్రయాణికులెవరూ లేరు. పడవావిడ ఒంటరిగా తెడ్డు వేసుకుంటూ అవతలి ఒడ్డుకు పోతోంది, అందర్నీ దింపిందే గానీ తనెప్పుడూ దిగని ఒడ్డుకు. మాటల్లేవు. కింద ఒక్క అక్షరం పడటం లేదు. నిమిషం, రెండు నిమిషాలు, అయిదు. సైరనమ్మ కళ్ళు తెర అడుగున వెతికి వెతికి ఊరుకున్నాయి. అప్పుడామె బొమ్మలకు వీపు తిప్పి నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పు" అంది.

అప్పటికి ఒక్కో ముక్క చెప్పడమే గానీ ఇంతసేపు ఏకధాటిగా నేను ఎవరికీ ఏదీ చెప్పలేదు. చెప్పాను. పియానో ఆగిందని, పొడుగు మోత ఒక్కటే మిగిలిందని, దారం తెగకుండా రీలులోంచి వస్తూనే ఉన్నట్టుందని. మధ్యలో ఒక గంట మోగిందని, అది ఎక్కడో దూరంగా, నీళ్ళ అవతల అని. పడవ ఒడ్డును తాకినప్పుడు చప్పుడంతా పోయిందని. ఆవిడ కాలు నేలమీద పెట్టిందని. పియానో మళ్ళీ వచ్చిందని, మొదటి రోజు పైకప్పులోంచి నాకు వినబడిన ఆ నాలుగు స్వరాలేనని. చెప్తున్నంతసేపూ ఆమె నా పెదాల మీదనుంచి చూపు తిప్పలేదు. మా పెళ్ళిలో నా నగలను కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

అయిపోయింది. పెద్దమగ్గం సైరనమ్మ వైపు తిరిగి ఏదో అంది, పెదాలతోనే. ఆమె పెదాలతోనే జవాబిచ్చింది. ఇద్దరూ అలా చాలాసేపు మాట్లాడుకున్నారు, ఆ ముందు గదిలో, ఒక్క చప్పుడు లేకుండా. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా గురించేనని మాత్రం తెలుసు, ఎందుకంటే మధ్యమధ్య నవ్వుతున్నారు. ఆ గదిలో చెవిటిదాన్ని నేనే.

"ఏమిటంటోంది?" అన్నాను ఉండబట్టలేక.

"మీ వదిన నోరు తేటగా ఉంది, ముందు పళ్ళే రెండు తక్కువ అంటోంది."

"తన సంగతి చూసుకోమను. ఇంకా?"

"నాలుగో మంచం సంగతి అడుగుతోంది." సైరనమ్మ ఈసారి పెదాలతో కాదు, తన అసలు గొంతుతోనే పెద్దమగ్గానికి చెప్పింది. "ఆ మంచం ఎవరికైనా ఇచ్చెయ్. మీ ముగ్గురికీ చదువొచ్చు. మా వదినకు చదివిపెట్టే దిక్కు లేదు."

ఆ మాట పై అంతస్తుకు వినబడింది, ఎదురింటికి వినబడింది, బహుశా బ్యాంకుకు కూడా వినబడి ఉంటుంది. నలభై ఏళ్ళు దాచుకున్న పరువు ఒక్క అరుపుతో వీధిన పడింది. ఇంకొకరైతే పీక పట్టుకునేదాన్ని. నేను లేచి ఆమె సంచి తీసుకుపోయి మంచం కింద పెట్టి వచ్చాను.

"ఆదివారాలు మాత్రం అక్కడికి పోతా. మాట కొంతైనా నిలబెట్టుకోవాలి" అంది.

"పో. ఆ ఒక్కరోజైనా నా చెవులకు సెలవు."

ఆమెకు అందింది. చేత్తో కొట్టినట్టు చేసింది.

ఇప్పుడు బట్టలకు చీటీలు కడుతున్నాం, ఆమె రాస్తుంది. రంగు దారాలు కూడా మానలేదు, అలవాటైన చెయ్యి. ఈ కథ మాత్రం నేనే రాశాను, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, రోజుకో అరపేజీ. ఒత్తులు ఆమె దిద్దింది, దిద్దినచోటల్లా ఒక మాట అంది.

బొమ్మల్ని మళ్ళీ మొదటి భాగంనుంచి పెట్టుకున్నాం. నిన్న నల్లకోటావిడ మళ్ళీ పడవెక్కింది. అక్షరాలు పడుతున్నాయి, సైరనమ్మ చదవడం లేదు. స్టూలు నావైపు తిప్పుకుంది.

"కన్నతల్లి కథ నాకు తెలుసులే. నీ పోలీసు కథ చెప్పు" అంది. "అసలు పడవ ఎందుకు లాక్కోవాలనుకుంది ఆ ముండ?"

మణికట్టు మీది దిండుకు సూది గుచ్చి, చెప్పడం మొదలుపెట్టాను.